నట్టు మీద సున్నం గీత

"అవ్వా, జీపు ముందర చక్రాల కాడ నట్ల మీద ఈ సున్నం గీతలు ఏంటికి?"

ఏంటికా? చెప్తాను ఉండు. ముందు ఆ ఫోను ఏంటికి నా పక్కకి తిప్పి పెట్టినావు? నా మాట పడతా ఉండాదా దాంట్లో? పడనీలే. ఎవరికన్నా పంపిస్తివా, ఊరుకోను చూడు. నువ్వు పంపవు, నాకు తెలుసు, కానీ ఆ ఫోన్లు ఉండాయే, వాటిని నమ్మేకి లేదు పాపా. మొన్న మీ నాయనతో గ్రైండరు రిపేరు గురించి మాట్లాడితిని, సాయంత్రానికి వాడి ఫోన్లో అన్నీ గ్రైండర్ల బొమ్మలే. ఎవడు వింటా ఉండాడో, యాడ కూర్చోని వింటా ఉండాడో!

సరే, గీతల సంగతి. గీతలు ఎవరు గీసినారని నువ్వు అడగలేదు, ఏంటికని అడిగితివి. ఏంటికో చెప్తాను.

మా మామ, అంటే మీ తాతకి నాయన, కళ్లంలో రాగులు తూర్పారబట్టి రాశి పోసినాక ఊరికే ఇంటికి వచ్చేవాడు కాదు. ఒక కొయ్య ముద్ర ఉండె ఆయన దగ్గర. తడి బూడిదలో అద్ది రాశి చుట్టూ ముద్రలు వేసి వచ్చేవాడు. కావలికి మనిషి వద్దు, కుక్క వద్దు. ఎవడన్నా ఒక్క చేటెడు తీసినాడనుకో, గింజలు జారతాయి, ముద్ర చెదిరిపోతాది. పొద్దున్నే పోయి చూస్తే తెలిసిపోతాది. నేను కొత్త కోడలుగా ఈ బేరిగై ఊరికి వచ్చినప్పుడు నన్ను కూడా ఆ రాశి పక్కకి పోనీలేదు మహానుభావుడు. "నిన్న వచ్చిన పిల్ల, దానికేమి తెలుసు" అనె. నాకు ఒళ్ళు మండె. కానీ మనసులో మెచ్చుకొన్నాను. నాదీ అదే బుద్ధి గదా. మాది కావేరిపట్టణంలో నూనె అంగడి. మా నాయన నూనె పీపా మూత మీద దారం చుట్టి, ముడి మీద మైనం పెట్టేవాడు. ఆ ఇంట్లో పుట్టి, ఈ ఇంట్లో మెట్టి, ఇంక నాకు నమ్మకం యాడనుంచి వస్తాది? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారే.

ఈ జీపు మీ తాత మిలిటరీ ఏలంలో తీసుకొన్నాడు. బెంగళూరులో... కాదు కాదు, బెంగళూరులో చూసి వచ్చినాడు, తీసుకొనింది మద్రాసులో. అప్పుడు డీజిలు చవక, మనిషి కూలీ చవక, ఈడ రోడ్లే లేవు. వాన పడితే ఎద్దుల బండి కూడా దిగబడే దారులు. ఆ కొండ పక్క ఊర్లకి టెంపోలు రావు. మీ తాత ఒక్కడే పోయి టమేటాలు, కోసుగడ్డలు నింపుకొని హోసూరు మార్కెట్టుకి వేసేవాడు. ఎవరికన్నా నొప్పులు వచ్చినా, ఎవరికన్నా పాము కరిచినా, ఆయన్నే పిలిచేది. "జీపప్ప" అని పేరు పెట్టినారు. ఆ పేరు వింటే నాకు గర్వంగా ఉండేది తల్లీ, అబద్ధమేల చెప్పల్ల.

అది ఎన్ని దినాలు నిలిచె? ఒక పొద్దు మధ్యాహ్నం టమేటాలు వేసుకొని ఏటవాలు దిగతా ఉండాడు. దిగినాక ఒక మలుపు ఉండాది గదా, ఇప్పుడు బేకరీ ఉండాదే, ఆడ. అప్పుడు ఆడ సారాయి అంగడి ఉండె. అదే మా కర్మ. ఆ మలుపు తిరగలేదు జీపు. నేరుగా పోయి కాలవలోకి దిగి రాతికి కొట్టుకొనె. మీ తాత కాలు ఇరిగె. జనం పరిగెత్తుకొని వచ్చినారు, వచ్చి ఏమి చేసినారనుకొన్నావు? కాలు ఇరిగినోణ్ణి ఎత్తేదానికి ముందర టమేటాలు ఏరుకొన్నారు. మన ఊరోళ్ళే. పేర్లు చెప్పమంటే చెప్తాను. వద్దులే, ఫోను ఉండాది.

మీ తాత ఆడనే, ఆ నొప్పిలోనే, ఒక మాట చెప్పినాడు. "స్టీరింగు తిరిగె, చక్రం తిరగలే." అంతే. ఆస్పత్రిలో అదే చెప్పినాడు, ఇంటికి వచ్చినాక అదే చెప్పినాడు. దానికి ఈ ఊరు ఏమనిందో తెలుసునా? "చక్రం కాదప్పా, నీ తల తిరిగింటాది" అనిరి. సారాయి అంగడి ముందర పడినాడు గదా, ఇంకేమి కావల్ల వాండ్లకి? తాగి తోలినాడు అని తీర్పు చెప్పేసినారు. ఆయన ఆస్పత్రి నుంచి వచ్చే లోపల ఆ గ్యారేజీవాడెవడో జీపుని ఎత్తి, ఇరిగిందంతా అతికి, తెచ్చి ఇంటి ముందర నిలబెట్టినాడు. ఏమి ఊడిందో, ఏమి తెగిందో చూసినోడు లేడు. గ్యారేజీవాణ్ణి అడిగితే, "అంతా సరిపోయిందమ్మా" అంటాడు. ఏమి సరిపోయె? ఎట్ల సరిపోయె? ఆ మాటతోనే వాడి మీద నాకు అనుమానం పట్టె.

నేను పెండ్లాన్ని, నాకు తెలీదా? మీ తాత సారాయి వాసన వస్తే ఆ వీధిలో కూడా నడవడు. మనిషి తాగలేదు. బండి తిరగలేదు. అంటే ఏమి అర్థం? ఎవడో చెయ్యి పెట్టినాడు. ఎవడు? టెంపో పెట్టుకోని మాకు పోటీగా వచ్చినోడా? ఆ గ్యారేజీవాడే ఏదన్నా మంచి సామాను ఊడబీకి పుచ్చు సామాను పెట్టినాడా? సారాయి అంగడోడికి మేము బేరం ఇయ్యలేదని కోపమా? నాకు ఎవర్ని చూసినా అనుమానమే. గుడిలో పూజారప్ప హారతి ఇస్తా ఒక పక్క నవ్వితే, వీడికి ఏమన్నా తెలుసునా అనుకొనేదాన్ని. నవ్వద్దు. అట్లనే ఉంటిని నేను.

అప్పుడు మొదలుపెట్టినాను ఈ గీతలు. మా మామ ముద్ర గుర్తుకొచ్చె. ఆకు, వక్కల పెట్టెలో సున్నం ఎట్లాగూ ఉండాది. చక్రాల కాడికి పోయి, నట్టు మీద నుంచి కింద ఇనుము దాకా ఒకే గీత గీసేది. ఎవడన్నా నట్టు తిప్పినాడా, పై గీత ఒక పక్కకి పోతాది, కింద గీత ఒక పక్కకి ఉండిపోతాది. అప్పుడు దొంగ దొరికినట్లే. వారానికి ఒకసారి చూసేది, చెరిగిపోతే మళ్ళీ గీసేది. ఒక్క గీతా తప్పలేదు. చూస్తివా, దొంగకి భయం పట్టె అనుకొంటిని.

మీ తాత మళ్ళీ స్టీరింగు పట్టలే. కాలికి బలం లేదు, క్లచ్చు తొక్కలేను అని చెప్పె. డ్రైవర్లని పెట్టినాము, వాండ్లు ఒకడు పోతే ఒకడు. మీ నాయన పెద్దయినాక వాడే తోలె. మీ తాత తిన్నె మీద కూర్చోని చూస్తా ఉండేవాడు. నేను జీపు కింద వంగి గీత గీస్తా ఉంటే నా పక్క చూసి, మొగం అట్ల తిప్పేసుకొనేవాడు. అదేంటికో నాకు తెలీలే. అది తర్వాత చెప్తాను.

ఇంక మీ నాయన మంజు సంగతి. నువ్వప్పుడు కృష్ణగిరి హాస్టల్లో ఉంటివి. బెంగళూరు నుంచి ఆదివారం ఆదివారం వచ్చేవాండ్లు, చొక్కా నలగని ఉద్యోగాలోళ్ళు, వాండ్లని మన జీపులో కూర్చోబెట్టుకోని ఆ బండల మీద, బురదలో, దుంకిచ్చి తెచ్చేది. దానికి దుడ్లు ఇస్తారు. మంచి రోడ్డు వదిలిపెట్టి గుంతలో పడేకి దుడ్లు ఇచ్చేవాండ్లని నేను యాడా చూడలే. వాండ్ల మీద కూడా నాకు అనుమానమే. సరే, దానికోసరం మీ నాయన పెద్ద పెద్ద టైర్లు తెచ్చి వేసినాడు. టైర్లు పెద్దవయ్యేసరికి కింద కడ్డీలు తట్టుకోలే. చెప్తాను విను, నువ్వు కూడా తెలుసుకోవల్ల. రెండు ముందర చక్రాల్ని కలిపి ఒక అడ్డ కడ్డీ ఉంటాది, కాడికి కట్టిన ఎద్దుల మాదిరి రెండూ ఒక్క పక్కకే తిరగల్ల గదా, దానికి. ఇంకొక కడ్డీ స్టీరింగు నుంచి చక్రానికి వస్తాది. నువ్వు చేత్తో తిప్పింది చక్రానికి చెప్పేది ఆ కడ్డీనే. పాతవి కిందికి వేలాడతా ఉండె, బండరాయి తగిలినప్పుడల్లా వంగతా ఉండె. మీ నాయన, "ముందర స్టీరింగు సామాను అంతా మార్చేస్తానుమా" అనె.

"మిలిటరీ ఇనుము తీసేసి అంగట్లో ఇనుము పెడ్తావా?" అంటిని. "పాతది చెడిపోయిందిమా" అంటాడు. ఎవడు చెప్పినాడు? మెకానిక్కు చెప్పినాడు. మెకానిక్కు ఎప్పుడన్నా బాగుండాదని చెప్తాడా?

జూజువాడిలో, చెక్‌పోస్టు పక్క లారీలు నిలిచే కాడ, సెల్వం అని ఒకడి షెడ్డు ఉండాది. సేలం పక్కనుంచి వచ్చినోడు. తెలుగు అరకొర, నన్ను పాటీ అనేవాడు, అరవంలో అవ్వ అని. నేనూ పోయినాను మీ నాయనతో. "నువ్వేంటికిమా" అంటే, "హోసూర్లో ఆకు వక్కలు తీసుకొనేది ఉండాది" అంటిని. తీసుకొనేది ఏమీ లేదు. షెడ్డులో స్టూలు వేసుకోని కూర్చొన్నాను. సెల్వం ఏది ఊడదీస్తే అది నా ముందర పెట్టమంటిని. కొత్త కడ్డీ తెచ్చె, నా మణికట్టంత లావు ఉండె. లావుంటే సరిపోయెనా? లోపల బోలేమో! రాతితో కొట్టి చూసినాను. సెల్వానికి కోపం వచ్చె. "పాటీ, అది కుండ కాదు" అనె. "కుండయితే నేను నిన్ను అడిగేదాన్ని కాదప్పా, నేనే చూసుకొనేదాన్ని" అంటిని. పాత కడ్డీలు, వాటి కొనలకుండే కీళ్ళు అన్నీ గోనె సంచిలో కట్టించి తెచ్చుకొన్నాను, ఇప్పటికీ నా మంచం కిందనే ఉండాయి. వాడు మంచి ఇనుము అమ్ముకోడని ఏమి గ్యారంటీ?

పని అంతా బాగనే చేసినాడు, అది చెప్పల్ల. కడ్డీలని కింద వేలాడకుండా పైకెత్తి బిగించె. స్టీరింగు అదరకుండా షాక్ అబ్జార్బరు మాదిరి ఒకటి పెట్టె. పని రెండో దినానికి పడె. అది శుక్రవారం. పదిన్నరకి రాహుకాలం. మీ నాయన గడియారం చూస్తా ఒకటే ఒత్తిడి. "అన్నా, రాహుకాలం పడే లోపల బండి బయటికి తియ్యల్ల, పూజ చెయ్యల్ల" అని. సెల్వానికి కూడా రాహుకాలమంటే భయం. కొత్త స్టీరింగు, కొత్త ఇనుము, రాహుకాలంలో గేటు దాటితే ఎట్ల? ఇద్దరూ పరుగో పరుగు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినారు, కర్పూరం వెలిగిచ్చినారు, బూడిద గుమ్మడికాయ దిష్టి తీసి కొట్టినారు. ఆ సందట్లో నేను సున్నం పెట్టె తీసి కొత్త నట్ల మీద గీతలు గీసేసినాను. సెల్వం చూసె. "అదేంది పాటీ?" అనె. "మా ఇంటి ఆచారం" అంటిని. వాడి మొగం ఎర్రబడె. ఓహో, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకొంటా ఉండాడే అనుకొంటిని.

శనివారం మీ నాయన జీపుని బండల మీద తిప్పి చూసుకొని వచ్చె. "ఏమి బాగుండాదిమా, వేలితో తిప్పితే తిరగతా ఉండాది" అని ఒకటే సంబరం. ఆదివారం పొద్దున బయల్దేరల్ల. బెంగళూరు వాండ్లు కొండ కింద కాచుకోని ఉండారు, పిల్లల్ని కూడా తెచ్చుకొన్నారంట. మీ నాయన టీ తాగతా ఉండాడు. నేను ఎప్పటి మాదిరి వంగి చూసినాను.

గీత తప్పి ఉండె.

ఎడమ చక్రం కాడ, స్టీరింగు నుంచి వచ్చే కడ్డీ నట్టు మీద. నట్టు మీద గీత ఒక పక్క, కింద గీత ఇంకొక పక్క. నా గుండె జల్లుమనె తల్లీ. భయం కాదు. దొరికినాడు అని! ఇన్నేండ్లకి దొరికినాడు దొంగ! నేరుగా పోయి జీపు ముందర కూర్చొన్నాను, మట్టిలో.

"లెయ్యిమా, టైము అవతా ఉండాది."

"లెయ్యను. ఎవరో నట్టు తిప్పినారు."

"ఎవరు తిప్పుతారుమా? బండి మన ఇంట్లోనే ఉండె గదా?"

"అయితే నువ్వే తిప్పినావా?"

అట్ల అడిగేసినాను కన్నకొడుకుని. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్లు, నా ఇంట్లోనే దొంగ ఉండాడేమో, కొత్త సామాను తీసి అమ్ముకొన్నాడేమో అని పోయె నా బుద్ధి. మీ నాయన కండ్లలో నీళ్ళు తిరిగె. కోపంతోనా, బేజారుతోనా, తెలీదు. "నా మీద కూడానా" అనె. నేను లెయ్యలే. వాడు ఫోను చేసి సెల్వాన్ని పిలిచె. "నువ్వే వచ్చి చెప్పన్నా, మా అమ్మ నా మాట వినదు" అని.

సెల్వం బైకులో వచ్చె. మొగం గంటు పెట్టుకోనే వచ్చె. వచ్చి జీపు కింద దూరె. ఒక్కొక్క నట్టూ తడిమి చూసె. బయటికి వచ్చినాడు చూడు, మొగంలో నెత్తురు లేదు. ఏమి చెప్పినాడంటే...

"పాటీ, ఎవరూ తిప్పలే. ఈ నట్టుకి పిన్ను లేదు. రాహుకాలం అని తొందరపడితిమే, ఆ పిన్ను నా ట్రేలోనే ఉండిపోయింటాది. పిన్ను లేకపోతే నట్టు అదే కదిలి, అదే ఊడి వస్తాది. ఈ పొద్దు ఆ బండల మీదికి పోయింటే కడ్డీ జారి పడిపోయేది. అప్పుడు చేతిలో స్టీరింగు తిరగతాది పాటీ, చక్రం తిరగదు."

విన్నావా? అదే మాట. ఆ దినం మీ తాత చెప్పిన మాట.

నాకు మొదట ఏమి తోచిందో చెప్పనా? మీ నాయన పక్క తిరిగి, "నువ్వు చెప్పిచ్చినావా వీడితో?" అంటిని. సెల్వానికి మా కథ ఏమి తెలుసు? సేలమోడు. మన ఊరోళ్ళ మాట వాడి చెవిన పడింది లేదు. మీ నాయన తల అడ్డంగా ఊపె. వాడూ అట్లనే బిగుసుకోని నిలబడి ఉండాడు. అప్పుడు తిన్నె మీద చప్పుడాయె. మీ తాత చేతికర్ర పట్టుకోని లేస్తా ఉండాడు. కుంటుకుంటా వచ్చినాడు సెల్వం కాడికి. "ఇంకొకసారి చెప్పప్పా" అనె. సెల్వం భయపడి, తిడతాడేమో అనుకొని, మెల్లగా చెప్పె. మీ తాత విని, "ఊ" అనె. అంతే. సెల్వం పిన్ను తెచ్చి, నట్టు బిగిచ్చి, పిన్ను వేసి, కొనలు మడిచి నాకు చూపిచ్చె. అన్ని నట్లూ చూపిచ్చె. జడకి పెట్టుకొనే పిన్ను మాదిరి, ఇంతే ఉండాది తల్లీ. అదా, ఇన్నేండ్లు నేను వెతికిన దొంగ?

మీ తాత మీ నాయన ముందర చెయ్యి చాపె. తాళం చెవి ఇచ్చినాడు. నేను కూడా ఎక్కినాను పక్కన. క్లచ్చు తొక్కలేనని చెప్పిన మనిషి, తొక్కినాడు! మెల్లగా తోలినాడు, ఆ మలుపు దాకా. సారాయి అంగడి ఉండిన చోట, బేకరీ ముందర, బెంచీ మీద కూర్చోని బన్ను తింటా ఉండారు ముసలోళ్ళు. నీ తల తిరిగింటాది అనినోళ్ళే, మిగిలినోళ్ళు. మీ తాత ఆడ జీపు నిలిపి, హారను మీద చెయ్యి పెట్టి, తియ్యలే. జనం అంతా బయటికి వచ్చినారు. "చాలయ్యా, చెవులు పోతా ఉండాయి" అంటిని. అయినా తియ్యలే. నాకు ఏడుపు వచ్చె, నవ్వు కూడా వచ్చె.

తిరిగి వస్తా, నా పక్క చూడకుండా చెప్పినాడు. "నువ్వు గీత గీసేది నా మీదనే అనుకొంటినే. నేను బండి తీస్తానేమో, మళ్ళీ తాగి పడతానేమో అని, ఊరోళ్ళ మాదిరి నువ్వు కూడా అనుమానంతో గీస్తా ఉండావని. అందుకే ముట్టలే."

చూడు పాపా. లోకాన్నంతా అనుమానించినాను నేను. పూజారప్పని విడవలే, కన్నకొడుకుని విడవలే. ఆయన్ని ఒక్కణ్ణి మాత్రం ఒక్క దినమూ అనుమానించలే. ఆయన కోసరం గీసిన గీతని, ఆయన మీద గీసినాననుకోని, ఇన్నేండ్లు ఆ తిన్నె మీద కూర్చొనె ఆ మనిషి. ఒక్క మాట అడిగింటే నేను చెప్పనా? ఒక్క మాట నేను చెప్పింటే ఆయన వినడా? మా ఇంట్లో ముద్రలు వెయ్యను నేర్పిచ్చిరి గానీ, మాట చెప్పను ఎవరూ నేర్పీలే.

సరే, పోనీ. నువ్వు నీళ్ళు పెట్టుకోవద్దు కండ్లలో. ఇప్పుడు బాగుండాము గదా.

ఇంక నువ్వు అడిగిన గీతలు. నా నడుము ఇప్పుడు వంగదు తల్లీ. అవి నేను గీసినవి కాదు. నీకు స్టీరింగు నేర్పిస్తానని చెప్పినాడే మీ తాత, ఈ పొద్దు కోడి కూయకముందే లేచి, నా పెట్టెలో సున్నం తీసుకోని, ఆ కాలితోనే కింద కూర్చోని, ఒక్కొక్క నట్టుకీ గీసినాడు. నేను కిటికీలో నుంచి చూస్తా ఉంటిని, ఏమి చేస్తా ఉండాడో అని. అదో, పిలస్తా ఉండాడు చూడు, పో. చల్లగా ఉండు, నూరేండ్లు ఉండు, నీ చెయ్యి యా పక్కకి తిప్పితే చక్రం ఆ పక్కకే తిరగనీ. పో తల్లీ... ఉండు ఉండు, ఆ ఫోను వెలుగు ఒకసారి కింద పట్టు. ఎడమ పక్కది... మీ తాత చెయ్యి అదిరి గీత వంకర పోయిందా, లేకపోతే నట్టు...